పిల్లల జట్టు గెలుపు ఎవరికోసం? విమ్ యోంక్ చేసిన పని

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. స్కూళ్లలో పనిచేసే పీఈటీ సార్లు, మేడమ్‌లు, అకాడమీలు నడిపే కోచ్‌లు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు, అందరూ ఒకచోట కూర్చున్నారు కాబట్టి ఇవాళ ఒక్క మనిషి గురించే మాట్లాడదామనుకున్నాను. పేరు విమ్ యోంక్. నెదర్లాండ్స్ ఆటగాడు. ఫుట్‌బాల్ బాగా చూసేవాళ్లకు కూడా ఈ పేరు టక్కున గుర్తుకు రాదు. అదే దేశపు పెద్ద ఆటగాళ్లు క్రైఫ్ అంటే తెలుసు, వాన్ బాస్టెన్ అంటే తెలుసు, బెర్గ్‌క్యాంప్ అంటే తెలుసు. యోంక్ ఎవరయ్యా అంటే, ఆమ్‌స్టర్‌డామ్‌లోని పెద్ద క్లబ్ అయాక్స్‌లో బెర్గ్‌క్యాంప్ ఎటు పరిగెడతాడో ముందే కనిపెట్టి బంతిని అక్కడికి పంపినవాడు అని చెప్పాలి.

పాతవాళ్లకు ఒక గోల్ గుర్తుండి ఉంటుంది. 1994 ప్రపంచకప్, అమెరికాలోని ఓర్లాండో. జులై 4, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి మ్యాచ్. నెదర్లాండ్స్, ఐర్లండ్ ఆడుతున్నాయి. బెర్గ్‌క్యాంప్ అప్పటికే ఒక గోల్ కొట్టాడు. ఫస్టాఫ్ అయిపోవస్తుండగా యోంక్ చాలా దూరంలో బంతి అందుకుని రెండు మూడు అడుగులు ముందుకొచ్చాడు. మీదికి ఎవరూ రాలేదు. కొట్టాడు. ఐర్లండ్ గోల్‌కీపర్ ప్యాకీ బోనర్ చేతులెత్తి పట్టుకోబోయాడు. బంతి చేతులకు తగిలి జారి, వెనక్కి పోయి గోల్లో పడింది. ఇప్పటికీ ఆ గోల్ చూపించినప్పుడల్లా బోనర్ పొరపాటనే అంటారు. నేను మాత్రం పిల్లలకు ఆ వీడియో వేరే కారణంతో చూపిస్తాను. అంత దూరం నుంచి కొట్టొచ్చని అనుకోవడమే యోంక్ ఆట. అంతకు రెండు వారాల ముందు సౌదీ అరేబియా మీదా అలాగే దూరం నుంచి కొట్టాడు. 1992లో యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యుయెఫా కప్ ఫైనల్ రెండు మ్యాచ్‌లుగా ఆడినప్పుడు, మొదటి అంచె టురిన్‌లో జరిగితే అక్కడా అంతే. తలెత్తి చూశాడు, ఖాళీ కనబడింది, కొట్టాడు.

ఆయన పుట్టింది 1966లో, వోలెండామ్‌లో. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన నీటి ఒడ్డున ఉన్న పాతకాలపు చేపల ఊరు. ఊరికి ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉంది, నారింజ రంగు జెర్సీ. ఒకసారి పై డివిజన్‌కి ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఆ ఊళ్లో అది మామూలే. యోంక్ ఆ క్లబ్ మొదటి జట్టులోకి వచ్చేసరికి ఇరవై ఏళ్లు. ఈ సంగతి ఒకసారి గమనించండి. అయాక్స్ లాంటి క్లబ్ పిల్లల్ని ఎనిమిది, తొమ్మిదేళ్లకే ఏరుకుంటుంది. యోంక్‌ని వాళ్లు అప్పుడు ఏరుకోలేదు. ఇరవై రెండేళ్లప్పుడు, 1988లో, డబ్బిచ్చి కొనుక్కున్నారు. పొడుగ్గా ఉండేవాడు, పెద్ద వేగం లేదు. చూపు, పాస్, షాట్, ఈ మూడూ ఉన్నాయి. చిన్నప్పటి సెలక్షన్స్‌లో ముందుగా కనబడేవి ఈ మూడూ కావు.

ఆటగాడిగా ఆయన గురించి ఎక్కువసేపు చెప్పను. అయాక్స్‌తో 1990లో లీగ్, 1992లో యుయెఫా కప్. ఆ కప్ గెలిచిన జట్టుకి కోచ్ లూయీ వాన్ గాల్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1993లో యోంక్, బెర్గ్‌క్యాంప్ ఇద్దరూ ఇటలీలో ఇంటర్ మిలాన్‌కి వెళ్లారు. ఆ ఏడాది ఇంటర్ లీగ్‌లో కిందికి జారిపోయే ప్రమాదంలో పడింది, కానీ యుయెఫా కప్ గెలిచింది. ఫైనల్ రెండో అంచెలో శాన్ సిరో మైదానంలో ఏకైక గోల్ యోంక్‌దే. తర్వాత మళ్లీ నెదర్లాండ్స్‌లో పీఎస్‌వీ క్లబ్, అక్కడ 1997లో లీగ్. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డే, అక్కడ గాయాలతో ఆట ఆగిపోయింది. దేశానికి 49 మ్యాచ్‌లు, 11 గోల్స్. 1998 ప్రపంచకప్ సెమీస్‌లో బ్రెజిల్ మీద మిడ్‌ఫీల్డ్‌లో ఆయన పక్కన ఆడింది ఎడ్గర్ డావిడ్స్. ఈ పేరు కూడా మళ్లీ వస్తుంది.

నేను ఈయన్ని ఎంచుకున్నది ఆట మానేశాక చేసిన పని కోసం.

పేరున్న ఆటగాడు బూట్లు విప్పగానే సాధారణంగా ఏం చేస్తాడు? టీవీలో కూర్చుంటాడు, లేదంటే పెద్ద జట్టుకి కోచ్ అవుదామని చూస్తాడు. యోంక్ పిల్లల దగ్గరికి వెళ్లాడు. అయాక్స్ అకాడమీలో ఒక్కొక్క కుర్రాణ్నీ పక్కకు తీసుకుని విడిగా నేర్పే పని. కుడికాలి పాస్ ఎక్కడ తప్పుతోంది, బంతి అందుకునేముందు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నావా లేదా, ఒంటిని ఎటు తిప్పి నిలబడ్డావు, ఇలాంటివి. పేపర్లో రాసే పని కాదిది. ఆ పని చేస్తూ చేస్తూ ఆయనకొక విషయం తెలిసొచ్చింది. ఒక కుర్రాడికి విడిగా నేర్పింది వారం తిరక్కుండా జట్టు ప్రాక్టీసులో కొట్టుకుపోతోంది. ఎందుకంటే జట్టు కోచ్‌కి శనివారం మ్యాచ్ ఉంది. గెలవాలి. కుర్రాడు కొత్తగా నేర్చుకున్నది మ్యాచ్‌లో ప్రయత్నించి బంతి పోగొట్టుకుంటే కోచ్ అరుస్తాడు. మరుసటి వారం కుర్రాడు ఆ ప్రయత్నం మానేస్తాడు.

ఇక్కడే ఆగుదాం. ఈ సంగతి ఈ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మన మండల స్థాయి టోర్నమెంట్లలో జరిగేదీ ఇదే. అండర్-14 జట్టులో అందరికన్నా పొడుగున్న ఇద్దర్ని వెనక పెడతాం, అందరికన్నా జోరుగా పరిగెత్తేవాణ్ని ముందు పెడతాం. బంతి దొరగ్గానే లాగి కొట్టమంటాం. గెలుస్తాం. హెడ్మాస్టర్ గారు ప్రేయర్‌లో అభినందిస్తారు. మధ్యలో ఉన్న బక్కపిల్లాడు ఆ మ్యాచ్ మొత్తంలో ఎన్నిసార్లు బంతి తాకాడో ఎవరం లెక్కపెట్టం.

2010 సెప్టెంబరులో అయాక్స్ యూరప్ క్లబ్‌ల అతిపెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌తో ఆడి 2-0తో ఓడింది. స్కోరు చూస్తే పెద్ద ఓటమి కాదు. కానీ ఆట చూసినవాళ్లకు అయాక్స్ అసలు అయాక్స్‌లాగే లేదు. యోహాన్ క్రైఫ్ డె టెలిగ్రాఫ్ పత్రికలో తన కాలమ్‌లో క్లబ్‌ని చీల్చి చెండాడాడు. ఆయన ఆ క్లబ్‌లో పదేళ్ల పిల్లాడిగా చేరి, పెద్ద ఆటగాడై, తర్వాత అక్కడే కోచ్‌గా కూడా చేసినవాడు. ఆయన మాటకు అక్కడ ఎంత బరువుందంటే, కొద్ది నెలల్లోనే క్లబ్ పాలకవర్గం మారిపోయింది. అకాడమీని మళ్లీ నిలబెట్టడానికి ఒక ప్రణాళిక తయారైంది. దాన్ని అందరూ క్రైఫ్ ప్లాన్ అన్నారు. ఆలోచన క్రైఫ్‌దే, సందేహం లేదు. కానీ ఆ ఆలోచనను రోజువారీ ప్రాక్టీసుగా, టైంటేబుల్‌గా, కోచ్‌ల డ్యూటీలుగా మార్చింది యోంక్, ఆయనతోపాటు రూబెన్ యోంగ్‌కింద్ అనే శిక్షకుడు. యోంగ్‌కింద్ అథ్లెటిక్స్ నుంచి వచ్చినవాడు, పరుగు నేర్పేవాడు. ఫుట్‌బాల్ వాళ్ల మధ్యకి బయటి మనిషిని తెచ్చి సగం బాధ్యత అప్పజెప్పడం చిన్న విషయం కాదు. 2011లో యోంక్ అకాడమీకి అధిపతి అయ్యాడు.

ఇక్కడొక మాట. యోంక్ ఆటగాడిగా అయాక్స్‌లో ఎప్పుడూ క్రైఫ్ కింద ఆడలేదు. క్రైఫ్ కోచ్‌గా అక్కణ్నుంచి వెళ్లిపోయింది 1988 జనవరిలో, యోంక్ వచ్చింది ఆ వేసవిలో. కాబట్టి ఇది గురువుగారి మీద భక్తితో చేసిన పని కాదు. ఆ ఆలోచన సరైనదని తన పని ద్వారా తెలుసుకుని చేసిన పని.

ఇంతకీ ఏం చేశాడు?

మొదట వయసు సంగతి చూద్దాం. పిల్లల ఫుట్‌బాల్‌లో జనవరి 1 కటాఫ్ అనుకోండి. జనవరి మొదటివారంలో పుట్టినవాడూ, డిసెంబరు చివర్లో పుట్టినవాడూ ఒకే జట్టు. పదేళ్ల వయసులో పదకొండు నెలలకు పైగా తేడా అంటే బతికిన కాలంలో దాదాపు పదోవంతు. ఎత్తులో తేడా, బరువులో తేడా, చెప్పింది అర్థం చేసుకోవడంలో తేడా. సెలక్షన్ రోజున కోచ్ కంటికి జనవరివాడే బాగా ఆనతాడు. వాడికి మంచి కోచింగ్, మంచి మ్యాచ్‌లు, మంచి బూట్లు. డిసెంబరువాడు ఇంటికి. రెండేళ్ల తర్వాత జనవరివాడు నిజంగానే మెరుగ్గా ఉంటాడు, ఎందుకంటే నేర్పింది వాడికే కదా. అప్పుడు మనం, చూశారా, మా సెలక్షన్ కరెక్టే అంటాం. ప్రపంచంలో ఎన్నో దేశాల యూత్ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. దీని మీద చాలా పరిశోధన జరిగింది.

ఇది పుట్టిన నెలతో అయిపోదు. ఒకే నెలలో పుట్టిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడికి పన్నెండేళ్లకే గొంతు మారుతుంది, ఇంకొకడికి పదిహేనేళ్లకు మారుతుంది. ఇద్దర్నీ అండర్-13లో పక్కపక్కన నిలబెట్టి ఎవడు బాగా ఆడుతున్నాడని అడిగితే మనం చూస్తున్నది ఆటనా, ఒంటినా?

యోంక్ బృందం పిల్లల్ని పుట్టినరోజును బట్టి మాత్రమే కట్టెయ్యడం మానేసింది. ఎదుగుదలను బట్టి గుంపులు. ఒంటితో ముందుకెళ్లిన కుర్రాణ్ని పెద్దవాళ్లతో ఆడించారు. అక్కడ వాడి బలం పనికిరాదు, ఆలోచించి తీరాలి. ఇంకా ఎదగని కుర్రాణ్ని చిన్నవాళ్లతో ఆడనిచ్చారు. అక్కడ వాడికి బంతి దొరుకుతుంది, ధైర్యం వస్తుంది. కిందికి పంపడం శిక్ష కాదని పిల్లాడికి చెప్పడం ఒక ఎత్తయితే, వాళ్ల నాన్నకి చెప్పడం మరో ఎత్తు. ఇక్కడున్న నాన్నలు ఏమీ అనుకోవద్దు. మీ అబ్బాయిని ఒక గ్రూపు కింద ఆడిస్తామని కోచ్ అంటే మీకు ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు. దయచేసి ఆ ఒక్క సాయంత్రం ఓర్చుకోండి.

రెండోది కోచ్‌ల సంగతి. నా మటుకు నాకు ఆయన చేసిన వాటిలో ఇదే పెద్దది. అంతకుముందు అండర్-13కి ఒక కోచ్, అండర్-14కి ఒక కోచ్, ఇలా ఉండేది. మీరు అండర్-13 కోచ్ అయితే మీ పరువు అండర్-13 పాయింట్ల పట్టికతో ముడిపడిపోతుంది. ఏడాది చివర్లో మీ జట్టు మూడో స్థానంలో ఉంటే మీకు ప్రమోషన్ రాదు. అప్పుడు మీరు మంచివాళ్లే అయినా, పిల్లల్ని ప్రేమించేవాళ్లే అయినా, ఆ పొడుగు కుర్రాణ్నే వెనక పెడతారు. తప్పు మీది కాదు, మిమ్మల్ని కొలిచే పద్ధతిది. యోంక్ ఆ ముడి విప్పేశాడు. కోచ్‌లను ఒక్కో జట్టుకి కట్టెయ్యకుండా, ఒక వయసు నుంచి ఇంకో వయసుకి తిరుగుతూ పనిచేయించాడు. గోల్స్ కొట్టడం తెలిసిన మాజీ ఆటగాడు అన్ని వయసుల ఫార్వర్డ్‌లతోనూ కూర్చుంటాడు. మీ జట్టు గెలిచిందా అని కాకుండా, ఈ కుర్రాడు ఆర్నెల్ల కిందటికీ ఇప్పటికీ ఏం మారాడు అని అడిగారు. ప్రతి పిల్లాడికీ విడిగా ఒక ఎదుగుదల ప్రణాళిక ఉండేది.

మూడోది పొజిషన్లు మార్చడం. ఒక చోట సుఖంగా ఆడే కుర్రాణ్ని తీసుకెళ్లి ఇబ్బందిపడే చోట పెట్టేవాళ్లు. మ్యాచ్ ఓడినా సరే. వింగ్ మీద ఎదురులేకుండా పరిగెత్తేవాడు మధ్యలోకి వస్తే వెనకనుంచి ఎవరొస్తున్నారో చూసుకోవాలి. మటైస్ డె లిఖ్ట్ అనే కుర్రాడు తొమ్మిదేళ్లకు అయాక్స్‌లో చేరాడు. ఇవాళ ఆయన డిఫెండర్‌గా అందరికీ తెలుసు. చిన్నప్పుడు చాలాకాలం మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. వెనక నుంచి ఆయన బంతి తీసుకుని తలెత్తి ముందుకు రావడం చూస్తే ఎక్కడ నేర్చుకున్నాడో తెలుస్తుంది.

దీనికితోడు వీధి ఆటను లోపలికి తెచ్చారు. క్రైఫ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో బెటన్‌డార్ప్ అనే పేటలో గట్టి నేల మీద ఆడి పెరిగాడు. అక్కడ పడితే మోకాలు చెక్కుకుపోతుంది, కాబట్టి పడకుండా ఆడటం వస్తుంది. అందమైన గడ్డి మీద పెరిగే పిల్లలకు ఆ తెలివి రాదని క్రైఫ్ గట్టిగా నమ్మేవాడు. అందుకే పిల్లలకు చిన్న చిన్న జాగాల్లో, రకరకాల నేలల మీద, పెద్దలు అరవని ఆటలు పెట్టారు.

ఇది వింటుంటే హైదరాబాద్ వాళ్లకు మన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు గుర్తుకు రావాలి. బడిపంతులు ఆయన. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కి బంగారు పతకం తెచ్చిన కోచ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్‌కి తీసుకెళ్లిన కోచ్. ఆయన హైదరాబాద్ పిల్లలకు డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ లేకపోతే పాస్ ఇవ్వాల్సిందే. బలం లేని కాలుతోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టేవారు. ఉపన్యాసం ఇవ్వకుండా, నియమం మార్చి నేర్పించడం. యోంక్ పుట్టడానికి మూడేళ్ల ముందే, 1963లో, రహీమ్ గారు పోయారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది మనకు పరాయి సంగతి కాదని చెప్పడానికే ఆ పేరెత్తాను. మన ఊళ్లోనే ఒక మాస్టారు చేసి చూపించిన పనికి దగ్గరి చుట్టం అది.

సరే, గొడవల సంగతికి వద్దాం. అవి లేకుండా ఈ కథ చెబితే అబద్ధం చెప్పినట్టే.

2011 నవంబరులో అయాక్స్ పర్యవేక్షక మండలి లూయీ వాన్ గాల్‌ని క్లబ్ డైరెక్టర్‌గా నియమించింది. ఆ మండలిలో క్రైఫ్ కూడా సభ్యుడే, కానీ ఆయనకు తెలియకుండానే నిర్ణయం జరిగిపోయింది. క్రైఫ్‌కీ వాన్ గాల్‌కీ ఎన్నో ఏళ్లుగా పడదు. వాన్ గాల్ వస్తే క్రైఫ్ ప్లాన్ అటకెక్కినట్టే. క్రైఫ్, ఆయనతోపాటు అకాడమీలో పనిచేసే మాజీ ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. వాళ్లలో యోంక్ ఉన్నాడు. తనను యుయెఫా కప్ గెలిపించిన కోచ్ నియామకానికి ఎదురు నిలిచాడు. అవతల మండలిలో ఎడ్గర్ డావిడ్స్ ఉన్నాడు, ప్రపంచకప్ సెమీస్‌లో పక్కన ఆడినవాడు. ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో ఊహించండి. పొద్దున పిల్లలకు పాస్ నేర్పడం, మధ్యాహ్నం లాయర్లతో కూర్చోవడం. 2012 ఫిబ్రవరిలో కోర్టు ఆ నియామకం చెల్లదంది. మండలి వైదొలగింది.

ఆ తర్వాత క్లబ్ ఆట వ్యవహారాలన్నీ ముగ్గురి చేతుల్లోకి వచ్చాయి. పెద్ద జట్టు కోచ్ ఫ్రాంక్ డి బోర్, డెనిస్ బెర్గ్‌క్యాంప్, విమ్ యోంక్. ముగ్గురూ అయాక్స్‌కి ఆడినవాళ్లే, ముగ్గురూ దేశానికి కలిసి ఆడినవాళ్లే. డి బోర్ 2011 నుంచి 2014 దాకా వరసగా నాలుగు లీగ్‌లు గెలిచాడు. బయటికి అంతా బాగున్నట్టే కనిపించింది. లోపల మాత్రం, ఈ ప్లాన్‌ని ఎంతవరకు అమలు చేయాలన్న దగ్గర చీలిక వచ్చింది.

ఇందులో నేను ఎవర్నీ దుర్మార్గుణ్ని చేయను. డి బోర్ వైపు నుంచి చూడండి. ఆయనకు ఆదివారం మ్యాచ్ ఉంది, యాభై వేల మంది వస్తారు. అకాడమీ నుంచి ఆయనకు కావాల్సింది రేపు దించగలిగే లెఫ్ట్ బ్యాక్. యోంక్ ఏమంటాడు? ఈ కుర్రాణ్ని ఇంకో ఆర్నెల్లు మిడ్‌ఫీల్డ్‌లో ఆడించాలి, అప్పుడు గొప్ప లెఫ్ట్ బ్యాక్ అవుతాడు అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి క్యాలెండర్లు వేరు. మామిడి మొక్క నాటినవాణ్ని ఈ వేసవికి కాయలేవని అడిగితే ఏం చెబుతాడు? కానీ అడిగేవాడికీ ఆకలి ఉంది కదా.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. యోంక్ రాజీపడే మనిషి కాదు. ప్లాన్‌లో సగం తీసుకుంటాం, సగం వదిలేస్తాం అంటే ఒప్పుకోలేదు. ఇంకొంచెం సర్దుకుపోయుంటే అక్కడే పదేళ్లు ఉండి ఇంకా ఎక్కువమంది పిల్లలకు మేలు చేసేవాడు కదా అని వాదించేవాళ్లున్నారు. నేను దాని గురించి చాలా ఆలోచించాను. సర్దుబాటు అంటే ఆచరణలో ఏమవుతుంది? కోచ్‌లను మళ్లీ ఒక్కో జట్టుకి కట్టేస్తారు. ఆ ఒక్క ముడి పడితే మిగతావన్నీ వాటంతటవే వెనక్కి పోతాయి. అందుకే ఆయన మొండితనాన్ని నేను తప్పు పట్టలేను.

2015 నవంబరులో క్రైఫ్ అయాక్స్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. తన ఆలోచనలను ఆచరించడం లేదన్నది ఆయన బాధ. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. ఆ ఏడాది చివరికల్లా యోంక్‌ని క్లబ్ పదవి నుంచి తప్పించింది. ఆయన వెంట అకాడమీలో పనిచేసే పలువురు బయటికి వచ్చేశారు. నెలజీతం మీద ఇల్లు గడిచే కోచ్‌లు వాళ్లు, స్టార్లు కాదు. 2016 మార్చి 24న క్రైఫ్ బార్సిలోనాలో కన్నుమూశాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పని ఫలించిందా? పాత యుయెఫా కప్‌నే ఇప్పుడు యూరోపా లీగ్ అంటున్నారు. 2017లో అయాక్స్ దాని ఫైనల్ ఆడింది, కుర్రాళ్ల జట్టుతో. మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 2-0తో ఓడింది. 2019లో ఛాంపియన్స్ లీగ్. మాడ్రిడ్ వెళ్లి రియల్‌ని 4-1తో కొట్టారు. టురిన్ వెళ్లి యువెంటస్‌ని 2-1తో కొట్టారు, గెలుపు గోల్ తలతో కొట్టింది డె లిఖ్ట్. కెప్టెన్ అతనే, వయసు 19. సెమీస్‌లో ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్ మీద ఆఖరి క్షణం దాకా ఫైనల్ చేరినట్టే ఉన్నారు, అవతలి ఆటగాడు లూకాస్ మౌరా మూడో గోల్ కొట్టేదాకా. ఆ వేసవిలో డె లిఖ్ట్, ఫ్రెంకీ డి యోంగ్ చెరో 75 మిలియన్ యూరోల మూల ధరకు అమ్ముడయ్యారు.

ఇదంతా యోంక్ ఘనతే అంటే అన్యాయం. కోచ్ ఎరిక్ టెన్ హాగ్ ఉన్నాడు. తాదిచ్, జియెక్ లాంటి వాళ్లను డబ్బు పెట్టి తెచ్చారు. డి యోంగ్ అయాక్స్‌కి వచ్చింది పద్దెనిమిదేళ్లప్పుడు, విల్లెమ్ టూ క్లబ్ నుంచి. కానీ డె లిఖ్ట్, వాన్ డి బేక్, మజ్రావి లాంటివాళ్లు ఎదిగే వయసులో ఏ పద్ధతిలో ఎదిగారు? 2011కీ 2015కీ మధ్య డె లిఖ్ట్ పన్నెండేళ్లవాడి నుంచి పదహారేళ్లవాడయ్యాడు. సరిగ్గా ఆ నాలుగేళ్లూ అకాడమీ యోంక్ చేతిలో ఉంది. పంట చేతికొచ్చేసరికి నాటినవాడు అక్కడ లేడు. పిల్లల కోచ్ పనిలో ఇది తరచూ జరుగుతుంది. మనలో చాలామందికి ఇది అనుభవమే. మీరు ఆరో తరగతిలో నేర్పిన పిల్ల ఇంటర్లో స్టేట్ ఆడితే, పేపర్లో ఫొటో పక్కన ఇంకెవరో కోచ్ పేరుంటుంది.

తర్వాత యోంక్ ఏం చేశాడు? ఊరికెళ్లాడు. 2019లో వోలెండామ్ హెడ్ కోచ్ అయ్యాడు. ఇప్పుడు పెద్ద జట్టు, ఆదివారం మ్యాచ్ ఆయన మెడకే ఉంది. ఒకప్పుడు డి బోర్ కూర్చున్న కుర్చీ లాంటిది. చాలామంది అన్నారు, ఇప్పుడు చూద్దాం ఈయన పిల్లల మీద ఎంత ఓపిక పడతాడో అని. పట్టాడు. ఆయన వచ్చిన ఏడాదే మిక్కీ వాన్ డి వెన్ అనే కుర్రాణ్ని మొదటి జట్టులో దించాడు. వాన్ డి వెన్‌కి అప్పుడు 18. రెండేళ్లలోపే కెప్టెన్ చేశాడు. క్లబ్‌లో ఆస్తిపాస్తులు తక్కువ, కొనే స్తోమత లేదు, కాబట్టి కుర్రాళ్లను నమ్మక తప్పదని అనొచ్చు. కానీ డబ్బులేని క్లబ్‌లు సాధారణంగా ముప్పై దాటిన ఆటగాళ్లను ఉచితంగా తెచ్చుకుని నెట్టుకొస్తాయి. ఈయన అలా చేయలేదు. 2022లో వోలెండామ్ 13 ఏళ్ల తర్వాత పై డివిజన్‌కి ఎక్కింది. మరుసటి ఏడాది దిగిపోకుండా నిలబెట్టాడు.

మళ్లీ పాలకవర్గంలో గొడవలు. 2023 డిసెంబరులో తప్పుకున్నాడు. 2024లో క్లబ్ కిందికి దిగింది, 2025లో వేరే కోచ్‌తో మళ్లీ ఎక్కింది. చెప్పాను కదా, ఆ ఊళ్లో అది మామూలే.

వాన్ డి వెన్ మాత్రం జర్మనీ క్లబ్ వోల్ఫ్స్‌బర్గ్ మీదుగా 2023లో టోటెన్‌హామ్ చేరాడు. 2025 మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్, మాంచెస్టర్ యునైటెడ్‌తో. టోటెన్‌హామ్ 1-0తో ముందుంది. టోటెన్‌హామ్ గోల్‌కీపర్ బయటికి వచ్చేసి బంతి వదిలేశాడు. యునైటెడ్ ఆటగాడు హోయ్లుండ్ తలతో కొట్టాడు, ఖాళీ గోల్‌లోకి పోతోంది. వాన్ డి వెన్ వెనక్కి పరిగెత్తి, గాల్లోకి లేచి, వీపు నేలవైపు ఉండగా కాలుతో బయటికి తన్నాడు. స్కోరు మారలేదు, కప్పు టోటెన్‌హామ్‌దే అయింది. ఆ ఒక్క తన్ను ఏ కోచ్ నేర్పాడని అడిగితే జవాబు లేదు. కానీ ఆ కుర్రాడు 18 ఏళ్లప్పుడు పొరపాటు చేసినా మరుసటి వారం మళ్లీ జట్టులో పేరుండే చోట పెరిగాడు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. టీ తర్వాత అందరం గ్రౌండ్‌లోకి వెళ్తున్నాం. మీరు తీసుకొచ్చిన పిల్లల్ని స్కూలు వారీగా నిలబెట్టొద్దు, తరగతి వారీగానూ వద్దు. ఎత్తు కొలిచి మూడు గుంపులు చేద్దాం. మొదటి ఆట బలం లేని కాలుతోనే. రెండో ఆటకి గోల్‌కీపర్లు ఫార్వర్డ్‌లు అవుతారు. కోచ్‌లు గీత అవతల నిలబడాలి, అరవకూడదు. ఒక్కొక్కరు ఒక్కో పిల్లాణ్ని లేదా పిల్లని ఎంచుకుని, ఎన్నిసార్లు బంతి తాకారో కాగితం మీద గీతలు పెట్టండి. స్కోరు రాయొద్దు. ఈలోపు ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.